ఇరువది అంకెల సంఖ్య

నేటి ప్రసంగము ఒక తప్పొప్పుకోలుతో ఆరంభమగుచున్నది. కొన్ని వారముల క్రిందట పావులూరి మల్లనను గూర్చి ముచ్చటించుచు, చదరంగపు గళ్ళ లెక్కకు సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను మేము చదివితిమి. ఒక లక్షా ఎనుబదినాలుగు వేల నాలుగువందల అరువదియేడు కోటికోట్లు, నలుబదినాలుగు లక్షల ఏడువేల ఏడువందల ముప్పది కోట్లు, తొంబదియైదు లక్షల ఏబదియొక వేల ఆరువందల పదునైదు. చదువుటకు మాకే ఊపిరి చాలలేదు. విన్నవారికి ఇది గుర్తుండునా యను ధీమాతో తరువాతి విషయమునకు సాగిపోతిమి.

అయిదవనాడు అమృతలూరు నుండి ఒక కార్డు వచ్చినది. వ్రాసినవారు ఉద్యోగవిరమణ చేసిన లెక్కల పంతులుగారు. పేరు చెప్పవలదని కోరిరి గనుక చెప్పుట లేదు. మేము చదువుచుండగనే ఆ సంఖ్యను వారు క్యాలెండరు కాగితము వెనుక వ్రాసికొనిరట. అందులో ఒకచోట మూడును ఏడును తారుమారైనవని, ఏడువందల ముప్పది కోట్లు గాక మూడువందల డెబ్బది కోట్లు ఉండవలెనని వారి విన్నపము. మా వ్రాతప్రతిని తీసి చూచితిమి. కాగితముపై 370 అనియే యున్నది. నాలుక 730 అన్నది.

తప్పు మాదే. దానిని సవరించుట రెండు నిమిషముల పని. కాని పంతులుగారు ఆ తప్పును పట్టిన తీరు మమ్ము ఆకర్షించినది. వారియొద్ద గణకయంత్రము లేదు, ఆ పూట చేతిలో పుస్తకమును లేదు. ఆ సంఖ్య స్వభావము వారికి తెలియును, అంతే. ఇరువది అంకెలలో రెండంకెలు చోటు మారినచో సంఖ్యయే తన తప్పును బయటపెట్టునట. అది ఎట్లో ఈనాడు మనవి చేయుచున్నాము.

ముందుగా సంఖ్య ఎచ్చటిదో జ్ఞప్తికి తెచ్చుకొందము. చదరంగపు పలక మీద అరువదినాలుగు గళ్ళు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపు చేయుచు పోయినచో మొత్తమెంత? పావులూరి మల్లన తన సారసంగ్రహ గణితములో ఈ మొత్తమును ఒక చంపకమాలలో ఇమిడ్చినాడు. ఆయన రాజరాజనరేంద్రుని కాలమువాడని కొందరు పండితులును, ఆ రాజు కాలమువాడైన మల్లనకు ఈయన మనుమడని మరికొందరును తలంతురు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము ఆయన గ్రంథమునకు మూలము. తెలుగున గణితశాస్త్రమునకు ఇదియే తొలి గ్రంథమని ప్రసిద్ధి. కమ్మనాటిలోని పావులూరు ఆయన ఇంటిపేరిటి ఊరు. నేడది ఇంకొల్లు మండలములో నున్నది. 2022లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించిన పిమ్మట పావులూరును అమృతలూరును ఒకే బాపట్ల జిల్లాలోనివైనవి. అనగా పద్యము పుట్టిన వంశపు ఊరికిని, ఆ పద్యము పక్షమున మాకు కార్డు వచ్చిన ఊరికిని నడుమ ఒక పూట ప్రయాణమే.

లెక్క చేయుటలో ఒక చిన్న ఉపాయమున్నది. మొదటి మూడు గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు, మొత్తము ఏడు. నాల్గవ గడిలో ఎనిమిది. ఎన్ని గళ్ళు నింపినను అంతవరకు మొత్తము తరువాతి గడికంటె ఒకటి తక్కువగనే యుండును. కావున అరువదినాలుగు గళ్ళను కూడనక్కరలేదు. పలకపై లేని అరువదియైదవ గడిని ఊహించి, అందులో నుండవలసిన గింజలలో ఒకటి తీసివేసిన చాలును. ఆ గడి సంఖ్య రెండును అరువదినాలుగు మార్లు వేసి గుణించిన లబ్ధము. దానికిని అడ్డదారి కలదు: రెండుకు వర్గము నాలుగు, నాలుగుకు పదునారు, పదునారుకు 256, దానికి 65,536, దానికి 429,49,67,296. ఈ చివరిదానిని మరల వర్గము చేసితిమా, ఆరవ మెట్టున గమ్యము చేరితిమి. లఘుగురువుల భేదములను లెక్కించుటకు పింగళుడు ఛందశ్శాస్త్రములో చూపిన మార్గము ఇదియే. పావులూరివాడు ఛందస్సు తెలిసిన గణితజ్ఞుడు. ఆయనకు ఈ మెట్లు కొత్త కావు.

ఈ మొత్తము మన దేశమునకు వెలుపలను ప్రసిద్ధమే. క్రీస్తుశకము 1000 ప్రాంతమున అల్‌బిరూనీ తన కాలగణన గ్రంథములో చదరంగపు లెక్కను చేసి, ఇదే సంఖ్యను తుది అంకె వరకు సరిగా ఇచ్చెను.

ఇక పంతులుగారి పరీక్షలకు వత్తము. సంఖ్యలోని అంకెలనన్నిటిని కూడిన 87 వచ్చును. 87 మూడుచే నిశ్శేషముగా భాగింపబడును గనుక ఆ సంఖ్యయు మూడుచే భాగింపబడును. తుది అంకె అయిదు గనుక అయిదుచే భాగింపబడును. ఈ రెండు లక్షణములును ఆ సంఖ్యకు ఉండి తీరవలెను. కాని మేము తప్పుగా చదివిన సంఖ్యకును ఈ రెండు లక్షణములున్నవి! అంకెలు చోటు మారినంతమాత్రమున వాని మొత్తము మారదు గదా. చిట్టా ఆవర్జాలు వ్రాయువారికి ఈ సంగతి తెలిసినదే: లెక్క కుదరక తేడా తొమ్మిదిచే భాగింపబడినచో, ఎచ్చటనో రెండంకెలు తారుమారైనవని వారు ముందుగా అనుమానింతురు. మా తేడా 360 కోట్లు. అదియు తొమ్మిదిచే భాగింపబడును. మూడును అయిదును మా తప్పును మన్నించినవి.

పదునొకండు మన్నింపలేదు. కుడినుండి ఒకటవ, మూడవ, అయిదవ స్థానములలోని అంకెలను వరుసగా కూడవలెను, రెండవ, నాల్గవ, ఆరవ స్థానములలోనివి వేరుగా కూడవలెను. సరియైన సంఖ్యలో మొదటి మొత్తము 62, రెండవది 25, భేదము 37. ముప్పదియేడును పదునొకండుచే భాగింప శేషము నాలుగు. నాలుగే రావలెనని సంఖ్యను చూడకుండగనే చెప్పవచ్చును: రెండును అయిదు మార్లు గుణించిన 32, అది 33కు ఒకటి తక్కువ; పది మార్లు గుణించినచో శేషము ఒకటి; అరువది మార్లకును ఒకటే; మిగిలిన నాలుగు మార్లకు పదునారు, దాని శేషము అయిదు; అందులో ఒకటి తీసివేయగా నాలుగు. మేము చదివిన సంఖ్యలోనో మొత్తములు 58, 29 అయినవి. భేదము 29, శేషము ఏడు. నాలుగుండవలసినచోట ఏడు. పంతులుగారు అంతటితో తృప్తిపడక పదునేడుచే కూడ భాగించి చూచిరట. నిశ్శేషము కావలసినచోట పదునైదు మిగిలెను. ఇరువది అంకెల భాగహారమును క్యాలెండరు కాగితము వెనుక చేసినవారిని తలచుకొని మేము సిగ్గుపడితిమని వేరుగ చెప్పనక్కరలేదు.

పదునేడుచే భాగింపబడవలెనని వారికెట్లు తెలిసినది? ఇక్కడనే ఈ సంఖ్య వంశవృక్షము కనబడును. ఒక వర్గమునుండి ఒకటి తీసివేసిన దానిని రెండు భాగములుగ విడదీయవచ్చునని బడిలో చదివియున్నాము. మన సంఖ్య ఒక వర్గమునకు ఒకటి తక్కువ. కావున అది 429,49,67,295ను 429,49,67,297చే గుణించిన లబ్ధము. ఇందులో మొదటిది మరల ఒక వర్గమునకు ఒకటి తక్కువ. దానిని 65,535, 65,537గ విడదీయవచ్చును. 65,535 మరల 255, 257 అగును. 255 పదునైదు పదునేళ్ళు. పదునైదు మూడైదులు. ఇట్లు తొక్క తీసినట్లు తీయుచు పోగా 3, 5, 17, 257, 65,537, 429,49,67,297 అను ఆరు కారణాంకములు తేలినవి. ఇందొక చిత్రమున్నది. వీనిలో ఏ ఒక్కదానినైన తీసికొనుడు. దానికి ముందున్నవన్నిటి లబ్ధమునకు అది సరిగా రెండెక్కువ. మూడైదులు పదునైదు, ఆ తరువాతిది పదునేడు. మూడు, అయిదు, పదునేడు కలిసి 255, తరువాతిది 257.

ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో ఈ వరుసను చూచి ముచ్చటపడెను. 3, 5, 17, 257, 65,537 అయిదును ప్రధాన సంఖ్యలే, అనగా ఒకటిచేతను తమచేతను తప్ప మరి దేనిచేతను భాగింపబడనివి. కావున ఆరవదియు, దాని పైవన్నియు ప్రధాన సంఖ్యలే యగునని ఆయన విశ్వసించెను. పెద్దవారి విశ్వాసము గనుక తొంబదేండ్లకు పైగా అది నిలిచినది. 1732లో ఆయిలర్ ఆ విశ్వాసమును పడగొట్టెను. ఆరవ సంఖ్యను 641 నిశ్శేషముగా భాగించునని చూపెను.

ఆయిలర్ చీకటిలో తడుముకొనలేదు. ఈ ఆరవ సంఖ్యకు కారణాంకమేదైన నున్నచో దానిని అరువదినాలుగుచే భాగింప శేషము ఒకటి రావలెనని ఆయన నిరూపించెను. ఈ లక్షణము గల ప్రధాన సంఖ్యలు క్రిందినుండి 193, 257, 449, 577, 641. నాలుగు భాగహారములు వ్యర్థము, అయిదవది సఫలము. వందల కొలది భాగహారములు చేయవలసిన పని అయిదింటితో ముగిసినది. శ్రమను తగ్గించినది వేగము గాదు, స్వభావజ్ఞానము. అమృతలూరి పంతులుగారు చేసినదియు ఇదే.

641 కథను కలము పట్టి సరిచూడగోరు వారికి ఒక సులభమైన దారి. ఆరు వందల నలుబదియొకటికి రెండు ముఖములున్నవి. అది 640కి ఒకటి ఎక్కువ. 640 అనగా అయిదు నూట ఇరువదియెనిమిదులు. అదియే 625కు పదునారు ఎక్కువ. 625 అనగా అయిదును నాలుగు మార్లు గుణించినది. ఇప్పుడు రెండును ముప్పదిరెండు మార్లు గుణించిన లబ్ధములో నుండి పదునారును వెలికి తీసి, దానికి బదులు 641లో 625 తీసివేసినది అని వ్రాయుడు. 641తో కూడిన భాగము నిశ్శేషముగా పోవును. తీసివేయవలసిన భాగము సరిగా 640ను నాలుగు మార్లు గుణించినదగును. 640ని 641చే భాగించినచో ఒకటి తక్కువ. తక్కువను నాలుగు మార్లు గుణించినచో ఒకటి ఎక్కువ. ఆ యొకటిని తీసివేయగా ఒకటి తక్కువ మిగిలినది. ఫెర్మా సంఖ్యలో చివర కలిపిన ఒకటి దానిని పూడ్చివేయును. శేషము సున్న. మా వంటివారికి మొదటిసారి మింగుడుపడలేదు, రెండవసారి సంతోషము కలిగినది.

భాగింపగా వచ్చినది 67,00,417. ఇది ప్రధాన సంఖ్యయే. దీనికిని అదే నియమము వర్తించును గనుక, 641ను మరల ఒకసారి వేసి చూచి, పిమ్మట 769, 1153, 1217, 1409, 1601, 2113 అను ఆరింటిచే భాగించి చూచిన చాలును. వీనిలో ఏదియు పోదు. అంతకు మించిన సంఖ్యలను పరీక్షింప నక్కరలేదు; వాని వర్గములు 67,00,417ను దాటిపోవును.

కావున చదరంగపు సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకములు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఒక్కొక్కటి ఒకేసారి వచ్చును. వీనిని ఏరి కూర్చి చేయగల భాజకములు, ఒకటియు ఆ సంఖ్యయు కలుపుకొని, సరిగా 128. తన్ను దక్క తక్కిన భాజకములన్నిటిని కూడినచో తన విలువలో నూటికి డెబ్బది పాళ్ళు వచ్చును. భాజకముల మొత్తము తనకు సమానమైన 6, 28 వంటి సంఖ్యలను గ్రీకులు సంపూర్ణములనిరి. తక్కువైనవానిని న్యూనములనిరి. మనది న్యూనసంఖ్య. పేరులోనే గాని గౌరవములో న్యూనత లేదు.

మరియొక వర్గీకరణము కూడ కలదు. రెండును కొన్ని మార్లు గుణించి ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్యలను మెర్సెన్ సంఖ్యలందురు. పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి సన్న్యాసి పేరది. గళ్ళ లెక్క ప్రధాన సంఖ్య కానిచో ఆ మొత్తమును ప్రధాన సంఖ్య కాదు. అరువదినాలుగు అట్టిది గనుక మన సంఖ్యకు ఆ గౌరవము మొదటినుండియు లేదు. చదరంగమునకు మూడు గళ్ళు తక్కువై అరువదియొక్కటే ఉండినచో! అప్పటి మొత్తము పందొమ్మిది అంకెల ప్రధాన సంఖ్య యగును. దీనిని 1883లో నిరూపించినవాడు రష్యాదేశపు పల్లెటూరి మతాచార్యుడు పెర్వూషిన్. గొప్ప లెక్కలు నగరములలోనే జరుగునని తలచువారు ఈ పేరును గుర్తుంచుకొనవచ్చును. ఈ జాతి ప్రధాన సంఖ్యలలో 2024 అక్టోబరులో దొరికినదానికి నాలుగు కోట్ల పది లక్షలకు మించిన అంకెలున్నవి. దానిని మేము ప్రసారములో చదువబోము.

ఇన్ని చెప్పినను, ఈ సంఖ్య ఎంత పెద్దదో మనసునకు పట్టదు. అమృతలూరు కృష్ణ పశ్చిమ డెల్టాలోని వరిసీమ గనుక వడ్లతోనే కొలిచి చూతము. బాపట్ల పరిశోధనా కేంద్రమున రూపొంది 1986లో విడుదలయైన 5204 రకమును సాంబమసూరి పేర ఎరుగనివారు అరుదు. సన్నగింజ, వేయి వడ్లు సుమారు పదునైదు గ్రాములు తూగును. చదరంగపు పలక నిండుటకు డెబ్బదియైదు కిలోల బస్తాలు మూడు లక్షల అరువదితొమ్మిది వేల కోట్లు కావలెను. భూమండలమంతట ఏటేట పండు వడ్లు ఈ కాలమున సుమారు ఎనుబది కోట్ల టన్నులు. ఎవ్వరును ఒక ముద్దయైన తినక దాచినను ఈ పలక నిండుటకు మూడువందల నలుబది యేండ్లు దాటును. మేము 370 బదులు 730 చదువుటచే పొరబాటైన గింజలు 360 కోట్లు. అవి ఏడువందల ఇరువది బస్తాలు! మొత్తములో అది లెక్కకు రాదు, కాని అమృతలూరి కళ్ళములో లెక్కకు వచ్చును.

చేతిలోని ఫోనునుండి రైలు టిక్కెట్లు ఇచ్చు యంత్రము వరకు నేటి గణకయంత్రములలో పెక్కింటికి ఈ సంఖ్యయే ఎల్ల. అవి సున్న, ఒకటి అను రెండంకెలతోనే లెక్కించును. ఒక లెక్కకు అరువదినాలుగు స్థానములుండును. అన్నిటను ఒకటులే నిండినచో మన చదరంగపు మొత్తము వచ్చును. దానికి మరియొకటి కలిపినచో అన్నియు సున్నలగును. మహావీరాచార్యుడు 139ని 109చే గుణించి 15151 అను సంఖ్యను రాబట్టి, ఇరువైపుల నుండియు ఒకే తీరున చదువబడు ఇట్టివానిని హారములతో పోల్చెను. రెండంకెల భాషలో మన సంఖ్య అరువదినాలుగు ఒకటుల హారము. ఆయన చూచినచో సంతోషించియుండును.

పద్యము మాట మిగిలియున్నది. పావులూరివాడు అంకెలకు బదులు పదములు వాడెను. చంద్రుడొక్కడే గనుక శశి యనిన ఒకటి. మన్మథుని బాణములు అయిదు గనుక శర మనిన అయిదు. కొండలు ఏడు, అగ్నులు మూడు, ఆకాశము సున్న. ఒకట్ల స్థానమునుండి మొదలుపెట్టి ఎడమకు నడచుట సంప్రదాయము. ఇది పాండిత్యప్రదర్శనమని మేమును ఒకప్పుడు తలచితిమి. పంతులుగారి కార్డు చదివిన పిమ్మట మా అభిప్రాయము మారినది. మేము తడబడిన చోటనే పద్యములో కొండకు పేరైన పదమును, నిప్పునకు పేరైన పదమును సంధి కలిసియున్నవి. వానిని తారుమారు చేసినచో గణము నిలువదు. చదువువాని నాలుక అక్కడనే ఆగిపోవును. అంకెలలో 370ని 730గ చదివినచో ఆపువారెవ్వరు? తాటియాకుపై వ్రాయసకాని చేయి జారినను, పాఠము చెప్పుకొనువాని చెవి ఆ జారుటను పట్టగలదు.

ఛందస్సునకును కన్నుగప్పు తప్పులున్నవి. శర, గజ రెండును రెండేసి లఘువులే. ఎచ్చటనైన శర పోయి గజ వచ్చినచో గణము చెడదు, సంఖ్యలో అయిదు ఎనిమిదియగును. భేదము మూడు గనుక మూడుతో చేయు పరీక్షయు మోసపోవును. అచ్చట పదునొకండు, పదునేడు కాపలా కాయవలెను. వేయేండ్లకు దగ్గరగా ఈ సంఖ్య చెడక వచ్చుటకు గణమును గణితమును రెండును కాపలా యుండుటయే కారణమని మా నమ్మకము. మొన్న ఆ రెండు కాపలాలను దాటి తప్పు చెప్పినవారము మేమే, పట్టినవారు శ్రోత.

ఇక సవరణ. కాగితము, కలము దగ్గర పెట్టుకొనుడు. ఈసారి కోట్లు, లక్షలు లేకుండ, ఎడమనుండి ఒక్కొక్క అంకెగ చదువుదుము: ఒకటి, ఎనిమిది, నాలుగు, నాలుగు, ఆరు, ఏడు, నాలుగు, నాలుగు, సున్న, ఏడు, మూడు, ఏడు, సున్న, తొమ్మిది, అయిదు, అయిదు, ఒకటి, ఆరు, ఒకటి, అయిదు. మొత్తము ఎనుబదియేడు వచ్చినదేమో కూడి చూడుడు. పిమ్మట పదునొకండుతో.